మాస్టారి పెట్టె, నా డోలక్

పోయిన నెల మా ఊరు వెళ్ళినప్పుడు మా చెల్లెలి మనవడు జోయెల్ నా రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు దోపి, "అమ్మమ్మా, ఇందులో టిక్కు టిక్కుమని వస్తూ ఉంటుంది. నువ్వు ఇంకేమీ పట్టించుకోకు, దానికి వాయించుకుంటూ పో" అన్నాడు. మాది నరసాపురానికీ మొగల్తూరుకీ మధ్య ఒక పల్లెటూరు. అక్కడి చర్చిని మేమంతా గుడి అనే అంటాం. ఆ గుడి ఇప్పుడు స్లాబు వేసుకుని, టైల్స్ పరుచుకుని, పాటల అక్షరాలు గోడ మీద తెరలో చూపించే స్థాయికి ఎదిగింది. జోయెల్ భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతూ ఆదివారాలు వచ్చి కీబోర్డు వాయిస్తాడు. వాడి ఎదురుగా నేను, అరవయ్యారేళ్ళ రిటైర్డు టీచర్ని, ఒళ్ళో డోలక్ పెట్టుకుని కూర్చున్నాను. ఒక్క చరణం అయ్యేసరికి వాడు చెయ్యెత్తి ఆపేశాడు. "ఏమీ అనుకోకు అమ్మమ్మా, నీ టైమింగ్ కొంచెం అటూ ఇటూ అవుతోంది" అన్నాడు. అనుకోకుండా ఎలా ఉంటానండీ? పన్నెండో ఏట నుంచి వాయిస్తున్నదాన్ని. వాడి అమ్మ పెళ్ళికి వాయించాను, వాడి అమ్మమ్మ పెళ్ళికీ వాయించాను. ఇయర్‌ఫోన్లు ఊడబీకి వాడి చేతిలో పెట్టేశాను.

వాడు అంతటితో ఊరుకుంటేనా! "ఇంకో డౌటు అమ్మమ్మా. ఆ పాత కీర్తన ఉంది కదా, అందులో రెండో లైను అవ్వగానే ముసలాళ్ళందరూ ఒక్కసారి టక్కున ఆగిపోతారు. పుస్తకంలో అక్కడ గ్యాప్ లేదు. యూట్యూబ్‌లో ఎవరూ ఆగట్లేదు. మన ఊళ్ళోనే ఎందుకు ఆగుతారు? చెవిలో టిక్కుమనే ఆ క్లిక్కేమో ముందుకు వెళ్ళిపోతుంది, వీళ్ళేమో అక్కడే నిలబడిపోతారు" అని తల పట్టుకున్నాడు. "పెద్దవాళ్ళు కదరా, ఊపిరి చాలదేమో" అన్నాను మొహం మామూలుగా పెట్టుకుని. అది పచ్చి అబద్ధం. ఆ గ్యాప్ పెట్టింది నేనే. ఎలా పెట్టానో ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

మా నాన్న రాజుగారి చేలకి నీళ్ళు తోడే ఆయిలింజను దగ్గర పని చేసేవాడు. కాలవ గట్టు మీద తాటాకు షెడ్డు, అందులో ఇంజను, దాని పక్కన నాన్న. దాళ్వా, అంటే రెండో పంట రోజుల్లో ఇంటికి అన్నానికి కూడా వచ్చేవాడు కాదు. సెలవు రోజుల్లో కారేజీ పట్టుకెళ్ళడం నా పని. షెడ్డులో అడుగు పెట్టగానే డీజిలు వాసన, తడి మట్టి వాసన, కారేజీ మూత తియ్యగానే చింతకాయ వేసి వండిన మెత్తళ్ళ చేపల వాసన, మూడూ కలిసి ముక్కులో దూరేవి. నాన్న తింటున్నంతసేపూ నేను ఖాళీ డీజిలు డబ్బా తిరగేసి ఇంజను చప్పుడుకి వాయించేదాన్ని. మొదట్లో నా చెయ్యి ముందుకు పరిగెత్తేది. హుషారు వస్తే చాలు, నాలుగు దెబ్బలకే ఇంజనుని దాటిపోయేదాన్ని. "ఏంటే ఆ తొందర? ఇంజనేం పారిపోదు. అది ఎక్కడ కొడుతుందో అక్కడే కొట్టు, ముందే వెళ్ళి కూర్చోకు" అనేవాడు నాన్న ముద్ద నోట్లో పెట్టుకుంటూ. కొన్నాళ్ళకి ఒక వింత జరిగింది. నేను డబ్బా కొడుతూనే ఉన్నాను, కానీ నా దెబ్బ నాకు వినపడ్డం లేదు. ఇంజను చప్పుడే వినపడుతోంది. చెవికేమైనా అయిందేమోనని భయపడి ఆపేశాను. "ఎందుకాపావు? ఇప్పుడే కదా కుదిరింది" అన్నాడు నాన్న. సరిగ్గా దాని మీద పడితే మన చప్పుడు అందులో కలిసిపోతుందని ఆయన చేతులు కడుక్కుంటూ చెప్పాడు. అయితే ఆ ఇంజనుకి ఒక రోగం ఉండేది. కాసేపు బాగానే నడిచి ఒక్క దెబ్బ మింగేసేది. ఎక్కిలి వచ్చినట్టు ఆగి, పుఫ్‌మని నల్లటి పొగ వదిలి, మళ్ళీ అందుకునేది. నాన్న స్పానరు పట్టుకుని దాని వంశం మొత్తాన్ని తిట్టేవాడు గానీ అది బాగుపడలేదు. నేను మంచి శిష్యురాలిని. దాని నడకతో పాటు దాని ఎక్కిలి కూడా నేర్చుకున్నాను.

ఒంటరి చదువు అలా ఇంజను దగ్గర అయితే, నలుగురితో చదువు మా పెరట్లో రోటి దగ్గర అయింది. మా అమ్మకీ నానమ్మకీ ఒక్క విషయంలో పడేది కాదు. చారులో ఉప్పు దగ్గర నుంచి నాకు ఒక జడా రెండు జడలా అన్నదాకా గొడవే. కానీ బెల్లం పోకుండలకి పిండి కొట్టేటప్పుడు ఇద్దరూ చెరో పక్కన నిలబడి ఒకే రోట్లో రోకళ్ళు వేసేవాళ్ళు. ఒకరిది పైకి లేస్తే ఒకరిది దిగాలి. మాటల్లేని రోజుల్లో కూడా ఆ రోకళ్ళు ఒకదానికొకటి తగిలేవి కావు. పైగా కోపంలో ఉంటే జోరు పెరిగేది, పిండి తొందరగా అయిపోయేది. అది కనిపెట్టి నేను ముందురోజే ఈవిడ మాట ఆవిడకీ ఆవిడ మాట ఈవిడకీ చేరవేసి ఉంచేదాన్ని. పోకుండలు ఎంత తొందరగా నోట్లో పడితే అంత మంచిది కదా. ఒకసారి జబ్బు పడి లేచి నీరసంగా ఉన్న నానమ్మ మధ్యలో తన రోకలి నా చేతికిచ్చింది. రెండో దెబ్బకే అమ్మ రోకలికి నాది ఠక్కున తగిలింది. "రోలు కేసి చూడకే, దెబ్బ తింటావ్" అంది నానమ్మ. "మీ అమ్మ ఎత్తేటప్పుడు గట్టిగా ఊపిరి తీస్తుంది, అది విను. దిగిన చప్పుడు వినేదాకా కూర్చుంటే నువ్వు ఆలస్యమే." ఇంజనుకి ఊపిరి లేదు, మనిషికి ఉంది. ఈ తేడా తెలుసుకోవడానికి నా బొటనవేలు గోరు ఒకటి నల్లబడింది.

గుడిలో డోలక్ వాయించే ఆయనకి కాకినాడలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. డోలక్ గోడ మేకుకి వేలాడుతూ బూజు పట్టింది. హార్మోనియం వాయించేది ఆనందం మాస్టారు. ఆయన హార్మోనియం అనేవారు కాదు, పెట్టె అనేవారు. డెబ్భై ఏళ్ళ మనిషి, తెల్లటి పంచె, పైన కండువా, ముక్కుపొడి వాసన. ఊళ్ళో సగం మందికి అక్షరాలు నేర్పింది ఆయనే. ఒకరోజు ధైర్యం చేసి, "మాస్టారూ, డోలక్ నేను వాయిస్తానండి" అన్నాను. "నీకేం వచ్చమ్మా?" అన్నారు. "మా నాన్న ఇంజనుకి వాయించానండి." "ఇంజనా! అది పాడుతుందా?" "లేదండి, దానికి ఎక్కిళ్ళు వస్తాయండి." ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, డోలక్ దింపి కండువాతో తుడిచి నా చేతికిచ్చారు. అప్పట్లో గుడిలో ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క చాపల మీద కూర్చునేవాళ్ళు. మాస్టారు మగవాళ్ళ వైపు ముందు భాగంలో జనానికి ఎదురుగా కూర్చునేవారు. నేను ఆడపిల్లని గనక ఆడవాళ్ళ వైపు, అంటే ఆయన కుడిచేతి పక్కన కూర్చున్నాను. మొదటి ఆదివారమే ఆ పాత కీర్తన. రెండో లైను అవ్వగానే నా చెయ్యి ఇంజనుకి మల్లే ఎక్కిలి పడి ఆగిపోయింది. కంగారులో మాస్టారి వేళ్ళు ఆగాయి, ఆయనతో పాటు గుడి మొత్తం ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఎవరో దగ్గారు. మగవాళ్ళ వరసలో మా నాన్న తల దించుకున్నాడు గానీ భుజాలు ఎగురుతున్నాయి. మరుసటి ఆదివారం కూడా అదే చోట ఆగాను. నాలుగో ఆదివారానికి నేను మానేద్దామన్నా జనం మానలేదు. ఆడవాళ్ళు అక్కడ పైట సర్దుకోవడం, మగవాళ్ళు గొంతు సవరించుకోవడం అలవాటైపోయింది. అదే జోయెల్ తల పట్టుకున్న గ్యాప్.

నా చెయ్యి ఆగితే గుడి ఆగుతుందని తెలిశాక నేను కుదురుగా ఉంటానా? నా చెయ్యి పరిగెడితే ఏమవుతుందో కూడా చూడాలనిపించింది. ఆ వేసవిలో ఒక పెళ్ళి జరిగింది. పెళ్ళికూతురు తలుపు దగ్గర నుంచి పాటకి తగ్గట్టు అడుగులో అడుగు వేసుకుంటూ రావాలి. బొద్దుగా ఉండే మనిషి, బరువు పట్టుచీర. నేను మొదటి చరణం నెమ్మదిగానే వాయించి, రెండో చరణంలో పిసరంత పెంచాను. పెళ్ళికూతురు అడుగు పెంచింది. ఇంకాస్త పెంచాను. ముందు పూలు చల్లుతున్న పిల్లలు పరుగందుకున్నారు, వాళ్ళ వెనకాల పెళ్ళికూతురు, ఆవిడ వెనకాల చీర కొంగు పట్టుకున్న తోటి పెళ్ళికూతురు, అందరూ ఆయాసపడుతూ వచ్చి పెళ్ళికొడుకు మీద పడినంత పని చేశారు. "అమ్మాయికి పెళ్ళంటే ఎంత తొందరండీ!" అన్నాడు పెళ్ళికొడుకు మేనమామ. నవ్వు ఆపుకోలేక నేను డోలక్ మీదకి వంగిపోయాను. ఇంటికొచ్చాక నానమ్మ నా తొడ మీద పెట్టిన పాశం వారం రోజులు మానలేదు.

ఆ అల్లరికి తగిన శాస్తి వేరే రూపంలో వచ్చింది. కోత పండుగ దగ్గర పడుతుంటే పాటలు చెడిపోవడం మొదలైంది. నేను ఎత్తుకుంటే మాస్టారు వెనకబడేవారు. ఆయన కోసం ఆగితే పాట చతికిలబడేది. పాడేవాళ్ళు సగం మంది పెట్టె వెంట, సగం మంది డోలక్ వెంట పోయి చివర్లో విడివిడిగా ఆమెన్ చెప్పేవాళ్ళు. ఈసారి తప్పు నాది కాదని ఒట్టేసి చెప్పగలను. కానీ పెళ్ళిలో నా వేషాలు చూశాక ఎవరు నమ్ముతారు? సంఘపెద్ద సాల్మన్ గారు అందరి ముందూ నిలబెట్టారు. ఆయన చేతికి పెద్ద వాచీ ఉండేది, ఏ మాట అన్నా దాన్ని ఒకసారి చూసుకుని అనేవారు. "పిల్లకి పరుగు జాస్తి అండి. కోత పండుగకి పక్క ఊళ్ళ వాళ్ళంతా వస్తారు, వాళ్ళ ముందు మన పరువు పోతుంది. వచ్చే ఆదివారం ఒక్కటీ చూస్తాను. ఇదే తంతైతే డోలక్ మా బావమరిదికి ఇచ్చేద్దాం" అన్నారు. ఆయన బావమరిది వాయిస్తే ఎవరో తలుపు బాదుతున్నట్టు ఉండేది. ఇంటికొచ్చి వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ డోలక్ తప్ప నాదంటూ నాకు ఊళ్ళో ఇంకేమీ లేదు. దాని ముందు కూర్చున్నప్పుడు నేను ఇంజను ప్రకాశం కూతుర్ని కాదు, సుగుణని. "పోతే పోనీ, ఆడపిల్లకి డోలక్ ఎందుకే" అంది అమ్మ. "నువ్వు నోర్మూసుకో" అని నానమ్మ అమ్మని కసిరింది. నానమ్మ నా తరఫున మాట్లాడటం అదే మొదటిసారి.

మర్నాడు న్యాయం అడుగుదామని మాస్టారింటికి వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని పుస్తకం చదువుకుంటున్నారు. కుడి పక్కన నిలబడి, "మాస్టారూ" అన్నాను. పలకలేదు. గట్టిగా పిలిచాను. పేజీ తిప్పారు. నాలో దెయ్యం ఊరుకోలేదు. "మాస్టారూ, మీ పంచె ఊడిపోయింది" అన్నాను. ఉలుకూ పలుకూ లేదు. చుట్టూ తిరిగి ఎడమ పక్కకి వెళ్ళి అదే మాట సగం గొంతుతో అన్నాను. ఆయన పుస్తకం వదిలేసి రెండు చేతులా పంచె పట్టుకుని, "ఏదీ, ఎక్కడ?" అని లేచి నిలబడ్డారు. నేను పడీ పడీ నవ్వబోయి మధ్యలో ఆగిపోయాను. గుమ్మంలో వాళ్ళావిడ, మేం మామ్మగారు అని పిలిచే ఆవిడ, మజ్జిగ గ్లాసుతో నిలబడి నన్నే చూస్తోంది. ఆవిడ అరుగు దిగి, అటు తిరిగి, ఆయన ఎడమ పక్కకి వచ్చి గ్లాసు అందించింది. ఆవిడ అలా చుట్టు తిరిగి రావడం చాలాసార్లు చూశాను గానీ ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు. తర్వాత నన్ను పెరట్లోకి తీసుకెళ్ళి చెయ్యి పట్టుకుంది. "ఎవరితోనూ అనకే తల్లీ. ఆ కుడి చెవి పూర్తిగా పోయి రెండు నెలలైంది. సాల్మన్ గారికి తెలిసిందంటే పెట్టె తీసేసుకుంటారు. పెట్టె లేకపోతే ఈ మనిషి ఏమైపోతాడే?" అంది.

చెబితే నా డోలక్ నాకు ఉంటుంది, మాస్టారి పెట్టె పోతుంది. చెప్పకపోతే నా డోలక్ పోతుంది. నేనేదో గొప్ప మనసుతో వెంటనే త్యాగం చేశానని రాసుకోవచ్చు గానీ అలా జరగలేదు. చెప్పేద్దామనే బయల్దేరాను. సాల్మన్ గారి గేటు మీద చెయ్యి కూడా వేశాను. తీరా అక్కడ, రెండు చేతులా పంచె పట్టుకుని నిలబడ్డ మాస్టారు గుర్తొచ్చారు. ముందు నవ్వొచ్చింది, వెనకే ఏడుపొచ్చింది, వెనక్కి తిరిగి వచ్చేశాను. దారి పొడుగునా లెక్కలు వేశాను. నేను వెళ్ళి మగవాళ్ళ వైపు కూర్చోవడం ఆ రోజుల్లో కుదిరే పని కాదు. నేను ఆయన ఎడమ పక్కన పడాలంటే ఆయనే నన్ను దాటి ఆడవాళ్ళ వైపు రావాలి. ఊరికే ఎందుకొస్తారు? రావలసిన అవసరం పడితే వస్తారు.

ఆదివారం పొద్దున్నే అందరికంటే ముందు గుడికి వెళ్ళి, నూతిలో నీళ్ళు తోడి, చెంబుడు నీళ్ళు మాస్టారు కూర్చునే చాప మీద కుమ్మరించి వచ్చేశాను. గంట కొట్టే వేళకి అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, నేల చూసి కప్పు చూశారు. పెంకుల కప్పు. "వాన ఎప్పుడు పడిందండీ?" అన్నారు. "మంచు అయ్యుంటుందండి" అన్నాను నేను. "మంచు ఇంతుంటుందేంటి?" అన్నారు సాల్మన్ గారు. "పెంకు జారిందేమోనండి" అని ఇంకో దారి చూపించాను. మొత్తానికి పెట్టెని ఎత్తి రెండో చివరకి, నన్ను దాటించి, ఆడవాళ్ళ వైపు పెట్టారు. "మగమనిషి ఆడవాళ్ళ వైపా?" అని సాల్మన్ గారు నసిగారు. ముందు వరసలోంచి నానమ్మ లేచింది. "డెబ్భై ఏళ్ళ మాస్టారు మమ్మల్నేం చేస్తాడండీ? కూర్చోనీండి" అంది. ఆడవాళ్ళంతా కిసుక్కుమన్నారు. ఇప్పుడు నేను ఆయన ఎడమ చెవి పక్కన ఉన్నాను. పాట మొదలైంది. ఆయన వేళ్ళ కేసి చూడలేదు. పెట్టె తిత్తి ఊపిరి పీల్చుకునే చప్పుడు విన్నాను, దాని మీద చెయ్యి వేశాను. ఆయన తల ఒక్కసారి నా వైపు తిరిగింది. ఎన్నాళ్ళకో వినపడినట్టుంది, మొహం విప్పారింది. చివరి చరణంలో నా డోలక్ నాకు వినపడలేదు, ఆయన పెట్టె కూడా విడిగా వినపడలేదు. ఆమెన్ అందరూ ఒక్కసారే అన్నారు. సాల్మన్ గారు వాచీ చూసుకుని, "చూశారా, ఒక్క మాట అనేసరికి దారిలోకొచ్చింది" అన్నారు.

నా డోలక్ నిలబడింది గానీ నా తెలివి నా మీదకే వచ్చింది. సోమవారం పొద్దున్నే సాల్మన్ గారు నిచ్చెన వేయించి, మనిషిని ఎక్కించి, మాస్టారి చోటు పైన ఉన్న పెంకులన్నీ మార్పించేశారు. "ఇంక పదేళ్ళు చుక్క కారదు. పెట్టె దాని చోటుకి అది వచ్చేస్తుంది" అని ఊరంతా చెప్పారు. ఆ వచ్చే ఆదివారమే కోత పండుగ. పక్క ఊళ్ళ వాళ్ళ ముందు పాట చెడిందంటే మా ఇద్దరిలో ఎవరో ఒకరి పని అయిపోయినట్టే.

జోయెల్ క్లిక్కు అప్పట్లో ఉండి ఉంటే ఈ తిప్పలేవీ లేవు. మాస్టారి మంచి చెవిలో ఒకటి దోపితే సరిపోయేది. ఆయన ఇంకో పదేళ్ళు వాయించినా ఎవరికీ తెలిసేది కాదు. అది మంచి వస్తువే, కాదనను. నాకు ఇంజను చేసిన పనే అది చేస్తుంది, పైగా దానికి ఎక్కిళ్ళు రావు. ఇప్పటి పిల్లలు నాకంటే నికరంగా వాయిస్తారు. కానీ ఆ రోజు గుడిలో వాయించే పిల్లలు నలుగురూ చెవులు మూసుకుని ఎవరి టిక్కుకి వాళ్ళు వాయిస్తుంటే, పక్కవాడికి ఏ చెవి వినపడదో వీళ్ళకి ఎలా తెలుస్తుందా అని నాకు దిగులేసింది. ఆ మాట జోయెల్‌తో అనలేదు, అంటే ముసలమ్మ చాదస్తం అంటాడు.

కోత పండుగ పొద్దున్న కొత్త పరికిణీ కుచ్చిళ్ళ వెనక చెంబు దాచుకుని గుడికి పరిగెత్తాను. కొత్త పెంకుల కింద నీళ్ళు ఎలా వచ్చాయని అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు. ఏదో ఒకటి చెప్పాలి, అంతే. తలుపు తోసి లోపలికి అడుగు పెట్టి నిలబడిపోయాను. మాస్టారి చోటు అప్పటికే తడిసి ఉంది. చెంబుడు కాదు, బిందెడు నీళ్ళు, చాప తేలిపోతోంది. పెట్టె అప్పుడే ఆడవాళ్ళ వైపు చేరి ఉంది. దాని వెనక మాస్టారు కూర్చుని కండువాతో చేతులు తుడుచుకుంటున్నారు. పంచె అంచు మోకాలి దాకా తడి. ఆయన నన్ను చూశారు, నా వెనక ఉన్న చెంబుని చూశారు, తలెత్తి కప్పుని చూశారు.

"కొత్త పెంకులు కూడా కారుతున్నాయమ్మా" అన్నారు.

ఆయన గుమ్మం కేసి ఒకసారి చూసి గొంతు తగ్గించారు. "ఆ చెంబు డోలక్ వెనకాల పెట్టెయ్. సాల్మన్ గారు వస్తున్నారు."